ఊరుకాసురుడి భరిణెలు

కనకావతి రాజ్యంలో పిల్లలకు మాట పడిపోయింది. మొదట పడిపోయింది రాజు విక్రమకేతుడి ఒక్కగానొక్క కూతురు హేమరేఖకు. ఆమెకు ఏడేళ్లు. ఎలా పడిపోయిందో చెబుతాను, చెవులు రిక్కించి వినండి పిల్లలూ. ఈ కథలో అసలు సంగతి అక్కడే ఉంది.

కనకావతి ప్రజలది పసిమి ఛాయ. పొలిమేరలోని నల్లకొండవాసులది కారునలుపు. కొండవాళ్లు తెచ్చే తేనె నగరంలో అందరికీ కావాలి. దాహమడిగితే మాత్రం వాళ్లకు చెంబు అందించేవారు కాదు. దోసిలి పట్టమని, మూరెడు ఎత్తునుంచి నీళ్లు పోసేవారు. ఒకనాడు కోటకు తేనె తెచ్చిన కారిమి అనే స్త్రీకి అలాగే పోస్తుంటే హేమరేఖ చూసింది.

"నాన్నగారూ, ఆవిడకు చెంబు ఎందుకివ్వరు?" అని నిండు కొలువులో అడిగింది.

రాజు ముఖం కందిపోయింది. "ఊరుకో!" అన్నాడు.

పిల్ల ఊరుకుంది. ఆ క్షణం నుంచి పెదవులు కదిపినా మాట పైకి రాలేదు. పిల్లలన్నాక చూస్తారు, చూసింది అడుగుతారు. నగరంలో ఎందరో పిల్లలు ఆ మాటే అడిగి, పెద్దల చేత ఆ కసురే తిన్నారు. వారం తిరిగేసరికి వాళ్లందరూ మూగబోయారు. వైద్యులు వసకొమ్ము అరగదీసి నాకించారు. ఏం లాభం లేకపోయింది.

నల్లకొండ పిల్లలు మాత్రం ఎప్పటిలాగే గలగలా మాట్లాడుతున్నారు. ఇంకేముంది, ఇది వాళ్ల చేతబడే అన్నారు నగరవాసులు. రాజు కారిమిని చెరలో వేయించి, పున్నమినాటికి తన బిడ్డకు మాట రాకపోతే ఆమె తల తీయిస్తానని చాటింపు వేయించాడు. ఆ రాజును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కారిమికి పన్నెండేళ్ల కూతురుంది. పేరు చుక్కి. ఆ పిల్ల కోటగుమ్మం ముందు నిలబడి, రాకుమారికి మాట తెస్తానని చెప్పి, పున్నమి దాకా తన తల్లి జోలికి పోవద్దని రాజు దగ్గర మాట తీసుకుంది. పున్నమికి పదకొండు రోజులున్నాయి.

పిల్లల మాట ఎటు పోయిందో వెతుక్కుంటూ మూడు రోజులు అడవిలో నడిచాక ఒక ముని కనిపించాడు. చుక్కి దాహమంది. ఆయన కమండలం పైకెత్తి, దోసిలి పట్టమన్నాడు. చుక్కి పట్టలేదు. ఎందుకలా పోస్తున్నారని నెమ్మదిగా అడిగింది. ముని ఉలిక్కిపడి తన చేతివంక చూసుకున్నాడు. నలభై ఏళ్ల తపస్సు చేసినా ఆ చెయ్యి పాత అలవాటు మరవలేదు. ఆయన సిగ్గుపడి కమండలం ఆమె చేతికిచ్చాడు.

ఆమె తాగాక ముని అసలు గుట్టు విప్పాడు. ఆ అడవి చివర పారే ఏటి అవతలి గుహలో ఊరుకాసురుడనే రాక్షసుడు ఉన్నాడు. పెద్దలు పిల్లల నోట్లోనే నొక్కేసిన ప్రశ్నలు వాడికి ఆహారం. ప్రశ్నతోపాటు గొంతునూ పట్టుకుపోయి భరిణెల్లో దాచుకుంటాడు.

సుడులు తిరిగే ఆ ఏటి ఒడ్డున రెండు తలల గండభేరుండం కాపలా ఉంది. ఒంటి నలుపు తనకిచ్చేస్తే పసిమి ఛాయ ఇచ్చి, వీపుమీద దాటిస్తానంది. ఆ రంగుతో వెళితే కనకావతిలో ఎవరైనా చెంబిస్తారని ఆశపెట్టింది. చుక్కి మనసు ఒక్క క్షణం ఊగింది. ఊగలేదని చెబితే అబద్ధమే అవుతుంది.

"మాయమ్మ నన్ను గుర్తుపట్టొద్దా?" అంది చివరికి. ఎండు సొరకాయ బుర్రలు రెండు నడుముకు కట్టుకుని, ఆ సుడుల్లోనే ఈదుకుంటూ అవతలి ఒడ్డు చేరింది.

ఊరుకాసురుడు గుహ నిండా బలిసి కూర్చున్నాడు. చుక్కిని చూడగానే "ఊరుకో!" అని గర్జించాడు. చుక్కి ఊరుకోలేదు. ఆ పిల్లల గొంతులు ఎందుకు పట్టుకున్నావని అడిగింది. వాడు మళ్లీ గర్జించాడు, ఆమె మళ్లీ అడిగింది. అలా వందసార్లు జరిగేసరికి వాడు చిక్కి మేకపిల్లంత అయ్యాడు.

"నీకా మాట తగలదేం? మీ కొండనుంచి నాకు ఒక్క ముద్దా రాలేదు," అని ఏడుపుగొంతుతో అన్నాడు.

"నేను అడిగిన్నాడే మాయమ్మ జవాబు చెప్పింది," అంది చుక్కి.

వాడు ఓడిపోయి భరిణెలన్నీ ఇచ్చేశాడు. అయితే మూత తీయడం తన వల్లా కాదన్నాడు. ఎవరు ఊరుకోమన్నారో వాళ్లే, ఆ బిడ్డ ఎదుట నిజమైన జవాబు చెబితేనే మూత లేస్తుందన్నాడు.

చుక్కి మూట కట్టుకుని, పున్నమి నాటి ఉదయానికి కొలువుకు చేరింది. కారిమిని అప్పటికే సంకెళ్లతో తెచ్చి నిలబెట్టారు. చుక్కి మూత సంగతి చెప్పగానే రాజు హేమరేఖ భరిణె అందుకుని, కూతురి ఎదుట కూర్చున్నాడు.

"అది మన ఆచారం తల్లీ," అన్నాడు. మూత కదలలేదు. వాళ్లకే అలా ఇష్టమన్నాడు. కదలలేదు. పెద్దయ్యాక నీకే తెలుస్తుందన్నాడు. ఊహూఁ. హేమరేఖ తండ్రి ముఖంలోకే చూస్తోంది. రాజు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారణమేమీ లేదమ్మా. వాళ్ల నలుపు మనకంటే తక్కువని మా నాన్న అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. అది తప్పు. నువ్వు అడిగితే సిగ్గేసింది, అందుకే కసిరాను."

మూత లేచింది. ఆనాడు రాకుమారి గొంతుతోపాటు పోయిన ప్రశ్నే ముందు బయటికొచ్చింది. "నాన్నగారూ, ఆవిడకు చెంబు ఎందుకివ్వరు?"

రాజు లేచి స్వయంగా సంకెళ్లు తీసి, చెంబు నింపి రెండు చేతులా కారిమికి అందించాడు. ఆమె అంచు కరుచుకుని సగం తాగింది. మిగిలిన సగం రాజు తాగాడు. కొలువులో కొందరు తల తిప్పుకున్నారు. వాళ్ల ఇళ్లలో భరిణెలు తెరుచుకోవడానికి నెలలు పట్టింది.

అప్పుడు రాణి కారిమి దగ్గరకొచ్చి, నీ బిడ్డ అడిగిననాడు అంత చిన్నపిల్లకు ఇంత చేదు సంగతి ఎలా చెప్పావమ్మా అని అడిగింది.

"చుక్కి నాలుగేళ్లప్పుడు అడిగింది, మనకెందుకట్టా పోస్తారని. తప్పు నీది కాదని ఏడుస్తానే చెప్పినానమ్మా. మీరూ ఏడుస్తానే చెప్పండి," అంది కారిమి.

అర్ధరాజ్యం ఇస్తానన్న రాజును చుక్కి ఒక్క శాసనం అడిగింది. ఆనాటినుంచి కనకావతిలో బిడ్డ ప్రశ్నకు ఊరుకో అన్న జవాబు లేదు. పెద్దయ్యాక హేమరేఖ రాణి అయింది, చుక్కి మంత్రిణి అయింది. దాహమైతే ఇద్దరూ ఒక్క చెంబుతోనే తాగేవారు.