అనిసెతు డోలు

రియో శివారులో సాంబా బృందం వాళ్ల రథాలు కట్టే పాత షెడ్డు అది. కార్నివాల్ దగ్గర పడింది. బయట మధ్యాహ్నపు వాన, లోపల జిగురు, రంగు, తడిసిన ఈకలు కలిసిన వాసన. కుట్టుపని వాళ్లు భోజనాలకి వెళ్లారు. వాల్దెసిర్ ఒక్కడే కంప్యూటర్ ముందేసుకుని కూర్చున్నాడు.

రథం మీద ఏడు బొమ్మలు, ఏడు డోళ్లు. వాటి చేతులు ఆడించేది వాల్దెసిర్ ప్రోగ్రామే. వాళ్ల ఊళ్లోనే పుట్టిన లువా అనే కంప్యూటర్ భాషలో రాశాడు. మూడో బొమ్మకి అనిసెతు ముసలాయన మొహం పెట్టారు. కిందటి చలికాలంలో పోయాడాయన. వాల్దెసిర్ చేతికి మొదటిసారి డోలు కర్ర ఇచ్చింది ఆయనే. "ఆయన చెయ్యి ఆగనివ్వను జుల్మీరమ్మా" అని ఆయన భార్యకి మాట కూడా ఇచ్చాడు.

ఆ పొద్దున్నే బృందం డైరెక్టర్ ఒదిలోన్ వచ్చాడు.

"ఒరేయ్, ఆ ముసలాడు నన్ను నలుగురిలో దొంగన్నాడు. వాడు నా రథం మీద వాయిస్తాడా? నువ్వు ఆపుతావా, ఇంకోణ్ణి పిలవనా?"

మనవాడు నోరెత్తొద్దూ! "అట్లాగే సార్" అన్నాడు. మోటారు ఊడబీకాడు. ప్రోగ్రాంలో మూడో చోట నిల్ పెట్టాడు. నిల్ అంటే ఏమీ లేదని.

ఇప్పుడు, అందరూ భోజనాలకి వెళ్లాక, మీట నొక్కాడు. ఒకటో బొమ్మ కొట్టింది, రెండోది కొట్టింది. అంతే. మిగతావన్నీ బిగుసుకుపోయాయి.

లువాతో ఇదేనండీ తంటా. నిల్ పెడితే కుర్చీ ఖాళీ అవదు, కుర్చీయే మాయమవుతుంది. వరసగా చూసుకుంటూ వచ్చే ప్రోగ్రాం అక్కడ వరస అయిపోయిందనుకుని ఆగిపోతుంది. అవతల ఎంతమంది ఉన్నా లేనట్టే. అందుకని నిల్ తీసేసి ఫాల్స్ అని పెట్టాడు. మనిషి ఉన్నాడు, వాయించడు, అని దానర్థం. అది రాస్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

మళ్లీ నొక్కాడు.

ఒకటి. రెండు. ధబ్. నాలుగు...

మధ్యలో ఆ ధబ్ ఎవరిది?

మూడో బొమ్మ చెయ్యి లేచింది. మోటారేమో తన ఒళ్లోనే ఉంది... చల్లగా. ప్లగ్గు లాగేశాడు. అన్నీ ఆగాయి.

ధబ్... ధబ్...

"బాబూ!"

ఉలిక్కిపడి తిరిగాడు. జుల్మీరమ్మ. చంకలో గొడుగు, చేతిలో కాఫీ ఫ్లాస్కు.

"మాట నిలబెట్టుకున్నావు నాయనా. ఆ ఒదిలోన్ ఆపించేస్తాడేమోనని భయపడి చచ్చాను. చూడు, మా ముసలాడు ఎంత పొగరుగా కొడుతున్నాడో!"

వాల్దెసిర్ కళ్లు నేల మీంచి లేవలేదు.

"అమ్మా... నేను... ఆపేశానమ్మా" అన్నాడు గొంతులోనే. "పొద్దున్నే... నేనే."

డోలు ఆగింది.

జుల్మీరమ్మ మెల్లగా రథం ఎక్కి, వానకి తడవని తల గుడ్డ విప్పి, బొమ్మ నుదురు తుడిచింది.

"అలిసిపోయాడు" అంది గుసగుసగా.

గుడ్డ పిండింది. చెమట వాసనతో నీళ్లు కారాయి. వాల్దెసిర్ పైకప్పు వంక చూశాడు. ఎక్కడా తడి లేదు. జానెడు గుడ్డ... ఆమె పిండడం మానేసినా... ఇంకా కారుతూనే ఉంది.