చెన్నరాయప్ప కూత

వేప్పనపల్లి దాటి కుప్పం దిక్కు పోయే బండిబాటలో, ఏరు అడ్డం వచ్చే చోట కొండంత పెద్ద రాతిగుండు ఉండాది. గాలిగుండు అంటారు దాన్ని. గాలీ వానా లేచిందంటే ఆ పక్కకు ఎవరూ పోరు. కంబళి ముసుగేసుకున్న ఆకారం ఒకటి గుండుమీద కూర్చోనుంటాదంట... ఉన్నట్టుండి ఒక కూత వినబడతాదంట. ఆ కూతకు బదులు పలికినోడు మళ్లీ ఇంటి గడప తొక్కడని చెప్పుకుంటారు.

కృష్ణగిరి డ్యాం కట్టిన కొత్తలో, మామిడికాయలు పండబారే నెలలో, ఒక మునిమాపు శ్రీరంగప్ప తన గొర్రెలమందను తోలుకొని ఆ బాటనే వచ్చినాడు.

పొద్దన్నించి నడకే. మడమలు పగిలి నెత్తురు చిమ్ముతా ఉండాయి. పైన మబ్బు, పొయ్యిమీది కుండ అడుగు మాదిరి నల్లగా కిందికి దిగింది. మామిడితోపు కావలి జయరామప్ప కంచె కాడ నిలబడి పలకరించినాడు.

"యాడికప్పా, ఇంత మబ్బులో?"

"ఇంటికి. ఏరు అవతలికి."

"గాలిగుండు కాడ నీ దోస్తు కాసుకోనుంటాడు. పోతా పోతా ఒక బీడీ ఇచ్చి పో."

"వాడు బీడీ తాగడు" అన్నాడు శ్రీరంగప్ప. నవ్వలేదు.

"మందను తోపులో ఆపుకో రంగప్పా. నాకు ఎరువన్నా మిగులుతాది."

"ఏరు వచ్చిందంటే ఈ పక్కే చిక్కుకుంటాము. ఈనడానికి ఉన్న గొర్రెలు ఉండాయి. పోతాను."

ఇంటిల్లిపాదికీ ఉన్న ఆస్తి ఆ మంద ఒక్కటే. అది ఏరు దాటితే చాలు, పోయి పడుకోవచ్చు. వాడికి కావలసింది ఆ పొద్దు అంతే.

దోస్తు అంటే చెన్నరాయప్ప. మూడేండ్ల కింద ఆ గుండుమీదే పిడుగు పడి పోయినాడు.

గాలి లేస్తే ఊరంతా ఇండ్లలోకి పరుగెత్తేది. చెన్నరాయప్ప మాత్రం బయటికి పరుగెత్తేవాడు. గుండెక్కి కంబళిని రెండు చేతులతో చాపి పట్టుకునేవాడు. గాలి దాన్ని ఉబ్బించి వాణ్ణే ఎత్తుకుపోతుందేమో అనిపించేది. "రారా రంగా, మబ్బు మన నెత్తి నిమరతా ఉండాది" అని పిలిచేవాడు. వడగండ్లు ఏరి, తను ఒకటి నోట్లో వేసుకొని, ఇంకొకటి శ్రీరంగప్ప నాలుకమీద పెట్టేవాడు. పండ్లు జివ్వుమనేవి. తడిసిన మట్టివాసనకు చెన్నరాయప్ప కండ్లు వాటంతట అవే మూతపడేవి. ఆ పొద్దుల్లో వాన వస్తే శ్రీరంగప్పకూ తిరునాళ్లే. ఇప్పుడు వానంటే బురద, కుంటే గొర్రెలు, తడిసి బరువెక్కే కంబళి.

గొర్రెలు కాసేవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కొక్క కూత. ఒకరిది ఇంకొకరు కూయడం తప్పు. మనిషి పోతే, కర్మం దినాన వాడికి కావలసినోడు ఒకడు మంద నడుమ నిలబడి ఆ కూత ఒక్కసారి కూసి ఆపేస్తాడు. దాంతో కూత కూడా మట్టిలో కలిసినట్టే. చెన్నరాయప్పది శ్రీరంగప్పే కూసినాడు. గొర్రెలన్నీ తలలెత్తి, వాడి కోసం అటూ ఇటూ వెతికినాయి... అది చూడలేక వచ్చేసిన శ్రీరంగప్ప, మళ్లీ చెన్నరాయప్ప తల్లి కెంపమ్మ ఇంటిపక్కకే పోలేదు. చెన్నరాయప్ప గొర్రెలు మాత్రం ఈ మందలోనే కలిసిపోయినాయి.

ఏటి ఒడ్డు చేరేసరికి చీకటి పడింది. గాలి లేచింది. నీళ్లు మోకాలి లోతే ఉండాయి. మందకు ముందు నడిచే ముసలి బొల్లిగొర్రె — చెన్నరాయప్ప చేతిలో పెరిగింది — నీళ్లలో కాలు పెట్టింది.

అప్పుడు వినబడింది.

హో...య్... హొయ్ — ర్ర్ర్...

కిందనుంచి మొదలై, పైకెక్కి, కడాన నవ్వు మాదిరి విరిగే కూత.

చెన్నరాయప్ప కూత అది. బొల్లిగొర్రె కాలు వెనక్కి తీసుకునింది. తలెత్తింది. తిరిగి... గుండుపక్కకు పరుగు. దాని వెనకే మందంతా.

అడ్డం పోయినాడు. కర్ర తిప్పినాడు. ఒక్కటీ ఆగలేదు. పలకకూడదని పండ్లు బిగబట్టుకున్నాడు. మందను వదిలి పోలేడు. భయపడేదానికి కూడా ఓపిక లేదు... గుండెక్కినాడు.

సగం ఎక్కేసరికి కింద బండలు దొర్లినట్టు చప్పుడు. మెరిసింది. ఏరు — ఇందాక మోకాలి లోతున్న ఏరు — గట్టునుంచి గట్టుకు ఎర్రగా, చెట్ల మొద్దులతో పోతా ఉండాది.

ఇంకొక మెరుపు. పైన, గొర్రెల నడుమ... కంబళి ముసుగు.

ముసుగు తిరిగింది.

"రంగప్పా... నువ్వేనా?"

కెంపమ్మ.

"పెద్దమ్మా... ఈడేం చేస్తా ఉండావు?"

"గాలి లేస్తే ఇంట్లో ఉండలేనప్పా. వాడికి ఇదంటే ఎంత పిచ్చో నీకు తెలీనిదా. వచ్చి కూర్చుంటాను." కంబళిలో సగం వాని మీద కప్పింది. "నన్ను చూసి పరుగెత్తేవాళ్లు పరుగెత్తుతారు. ఆ జయరామప్ప చెప్పు వదిలేసి పోయినాడు ఒకసారి. పాపమని తెచ్చి కంచెకు తగిలిస్తే, దాన్ని చూసి జ్వరం తెచ్చుకున్నాడంట."

శ్రీరంగప్పకు నవ్వు వచ్చింది. దాంతోనే కండ్లలో నీళ్లు తిరిగినాయి. మూడేండ్లుగా మోస్తా ఉన్నదేదో భుజం దిగినట్టు, ఆమె పక్కన చతికిలబడినాడు.

"మందను కాపాడింది నీ కూతే పెద్దమ్మా. అచ్చం వాడి మాదిరే కూసినావు."

కెంపమ్మ వాని మొగంలోకి చూసింది.

"నేనా? నాకు గొంతు యాడుందప్పా. నేను వినేదానికి కదా వచ్చేది."

"మరి..."

"నువ్వు కదా కూసేది." ఆమె గొంతు తగ్గింది. "గాలి లేసినప్పుడంతా వచ్చి నా కొడుకు కూత కూసి పోతాడు, ఇంటికి మాత్రం రాడే అని... నీ మీద ఎంత నిష్ఠూరం పెట్టుకున్నానో."

శ్రీరంగప్ప తల అడ్డంగా ఊపినాడు. గాలి ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టినట్టు ఆగింది.

గుండు కొననుంచి — మనిషి కాలు నిలవని చోటునుంచి —

హో...య్... హొయ్ — ర్ర్ర్...

గొర్రెలు తలలెత్తినాయి. ఈ మాటు అటూ ఇటూ వెతకలేదు. అన్నీ ఒకే చోటికి చూసినాయి.

కెంపమ్మ చెయ్యి వాని మణికట్టు మీద బిగిసింది. పలకమందో, పలకొద్దందో తెలీలేదు. శ్రీరంగప్ప అడగనూ లేదు. రెండు చేతులూ నోటికి ఆనించుకొని, ఎన్నాళ్లుగానో ఒంటరిగా కూసి కూసి అలిసిన తన కూత, గొంతెత్తి కూసినాడు.

కూత ముగిసింది. నోరింకా మూయలేదు.

చల్లగా వచ్చి నాలుకమీద పడింది... వడగల్లు.

ఆ రాత్రి చుట్టుపక్కల యాడ చూసినా, పడింది ఆ ఒక్కటే.