కామేశం పొట్టలో ఉరుము

మృణాళినికి ఇంగ్లీషంటే కోపం లేదు. ఇంగ్లీషును మెడలో గొలుసులా వేసుకుని తిరిగే మగవాళ్లంటేనే ఒళ్లు మంట. ఆ సాయంత్రం చింతాద్రిపేటకు పెళ్లిచూపులకొచ్చిన కామేశం సరిగ్గా ఆ బాపతే.

వీధి చివర ట్రామ్ పోయింది.

"డీప్ త్రోటెడ్ రంబుల్!" అని ఆ చప్పుడుకు ఇంగ్లీషులో పేరు పెట్టాడు కామేశం, కళ్లు సగం మూసి.

పక్కింట్లో రుబ్బురోలు తిరిగింది.

"మఫిల్డ్ గ్రంబుల్!"

మృణాళిని తండ్రి నరసింహం మురిసిపోయాడు. పిల్లవాడు ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు మరి.

"వింటివా అమ్మా, ఎంత బాగా చెప్తా ఉండాడో!"

"వింటి నాయనా. ట్రామ్‌ను ట్రామ్ అంటే ఈయన ఉద్యోగం ఊడుతుందేమో."

కామేశం చెవులు ఎర్రబడ్డాయి. మృణాళినికి కావలసిందదే. ఇంకో రెండు మాటలంటే లేచి పోతాడు, ఈ సంబంధం పీడ విరగడవుతుంది. చూడ్డానికి మాత్రం బాగున్నాడు. అది మరీ చిరాకు.

ఆమె తల్లి సొజ్జీ, బజ్జీలూ తెచ్చి పెట్టింది. కామేశం చెయ్యి చాచాడు. అతని తల్లి వరదలక్ష్మి ఆ చేతిని పక్కకు నెట్టింది.

"ఏమీ అనుకోవద్దు వదినా. పిల్ల నచ్చితేనే మావాళ్లు చెయ్యి పెడతారు. తింటే ఒప్పుకున్నట్టే."

అప్పుడు గదిలో గుర్రుమని పెద్ద చప్పుడైంది.

"డి... డిస్టెంట్ థండర్," అన్నాడు కామేశం.

"ఏం థండరండీ? ఉరమడానికి మబ్బేదీ, బయట ఎండ కాస్తా ఉంటే. అది మీ చొక్కాలోనించి వచ్చింది."

"మృణా!" అని కసిరాడు నరసింహం.

కామేశం తల దించుకున్నాడు. "ఆకలండీ. మీరు ఏమంటారోనని భయం. పొద్దుట్నుంచీ ముద్ద దిగలేదు. భయమేస్తే నాకు ఇంగ్లీషు వచ్చేస్తుంది. ఏం చేసేది?"

ఇంతసేపటికి ఒక మనిషి మాట. ఆమె నోటిదాకా వచ్చిన ఎగతాళి అక్కడే ఆగిపోయింది. ఆ ఎర్రటి చెవుల మీద ఉన్నట్టుండి ఇష్టం పుట్టింది. ఇష్టం పుట్టినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

ప్లేటు అతని ముందుకు తోసింది. "తినండి."

"తింటే ఒప్పుకున్నట్టే," అన్నాడు మెల్లగా.

"నాకేం చెవుడా? మీ అమ్మగారు చెప్పినప్పుడు నేనూ ఈడనే ఉండా."

కామేశం తల్లి వైపు చూడలేదు. వేడి బజ్జీ తీసి అమాంతం నోట్లో పెట్టుకున్నాడు.

వరదలక్ష్మి కాసేపు కొడుకును చూసింది. తర్వాత తనూ ఒక ప్లేటు దగ్గరికి లాక్కుంది. "ఇంకేముంది వదినా, నాకూ పొద్దుట్నుంచీ ఆకలే."

మబ్బు ఎప్పుడు పట్టిందో, ఈసారి నిజంగానే ఉరిమింది. నరసింహం ఆశగా కాబోయే అల్లుడి వైపు చూశాడు. అల్లుడి నోటి నిండా బజ్జీ.

"ఉరుము నాయనా," అంది మృణాళిని, ఇంకో బజ్జీ అతని ప్లేటులో వేస్తూ. "ఉరుమంతే."