ఎడమకి తిరగమన్న కారు

బెంగాల్లో మెటియాబ్రుజ్ నుంచి ఖిదిర్‌పూర్ వెళ్లే దారిలో మూతపడిన జనపనార గోదాం ఒకటుంది. దాని ముందరి మలుపుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ చెయ్యి బండి బయటపెట్టరు.

ఎందుకంటే — కార్లకి ఇండికేటర్లు లేని రోజుల్లో ఎవరో దొరగారి డ్రైవరు, గోదాం సందులోకి తిరుగుతున్నానని అక్కడే చెయ్యి బయటపెట్టాడట. వెనకనించి లారీ వచ్చి ఆ చెయ్యి పట్టుకుపోయిందట. అప్పట్నించీ ఆ మలుపులోనే నిలబడి, ఎవరు చెయ్యి చాపితే వాళ్ల చెయ్యి అందుకుంటాడట... చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చెప్పేవాళ్లు మాత్రం వీధికి నలుగురు.

గవరయ్య ఓడల డాక్‌లో ఎలక్ట్రీషియను. శ్రీకాకుళం దెయ్యాలకే భయపడనివాణ్ణి, బెంగాలీ దెయ్యానికి భయపడతానా అనేవాడు — పగటిపూట.

బోసుబాబుగారి తాతలనాటి ఆస్టిన్ కారుకి ఇండికేటర్లు పెట్టాలి. మర్నాడు పాతకార్ల ఊరేగింపు. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ఖిదిర్‌పూర్‌లో బాబుగారి ఇంటిదగ్గర తనిఖీ. అందులో తప్పితే కారు ఇంట్లోనే. ఆ ముసలి కారుని ముట్టుకోలేమని మేస్త్రీలంతా చేతులెత్తేస్తే, "నానున్నాను కదా బాబూ" అని మాటిచ్చేశాడు మనవాడు. ఆ మాట పోతే డాక్‌లో తలెత్తుకు తిరగలేడు.

పదిసార్లు పరీక్షించాడు. ఎడమ, కుడి... అడిగిందే తడవుగా వెలిగాయి. ఏడున్నరకి మెటియాబ్రుజ్ నుంచి తనే నడుపుకుంటూ బయల్దేరాడు. జనవరి మంచు. వీధిదీపాలు ఉన్నాయంటే ఉన్నాయి.

మలుపు వచ్చింది. కారు కాస్త ఒరిగింది.

టిక్కు... టిక్కు...

ఎడమ మడ్‌గార్డు మీద నారింజరంగు వెలుగు. ఆరుతోంది, వెలుగుతోంది.

గవరయ్య మీట వంక చూశాడు. ఆపేసే ఉంది. కదిపాడు. కొట్టాడు. బతిమాలాడు. ఆగలేదు. ఎడమపక్కన గోదాం సందు... ఆ డ్రైవరు తిరగబోయిన సందు.

"నాను తిన్నగా ఎల్లాల నాయినా," అని గొణిగాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలీదు.

ఇంతలో వెనక ఆటో. కారు ఎడమకి పోతుందనుకుని కుడిపక్కనించి దూరిపోబోతోంది. తగిలిందా, రేపటి ఊరేగింపు సరి. ఆపాలంటే ఒకటే దారి — చెయ్యి బయటపెట్టాలి.

అదీ ఈ మలుపులోనే. అయినా పెట్టాడు.

చల్లగా, తడిగా... ఏదో అతని వేళ్లు పట్టుకుంది.

తెల్లటి చెయ్యి. మోచేతిదాకా తెలుపు. ఆపైన మంచు తప్ప ఏమీ లేదు.

బ్రేకు మీద కాలు దానంతటదే పడింది. ఆంజనేయ దండకం మొదటి ముక్క కూడా గుర్తురాలేదు.

"దాదా," అంది మంచు, బెంగాలీలో, మెల్లగా. "బండేమో ఎడమకంటోంది. చెయ్యేమో ఆగమంటోంది. దేన్ని నమ్మమంటావు?"

మంచులోంచి ముందు మీసం వచ్చింది, తర్వాత టోపీ. ట్రాఫిక్ కానిస్టేబులు. తెల్ల యూనిఫాం, మంచుకి తడిసిన తెల్ల గ్లోవు. ఆటోవాడు తిట్టుకుంటూ పోయాడు.

కారు పక్కన పెట్టించి కానిస్టేబులే టార్చి పట్టాడు. గవరయ్య డాష్‌బోర్డు కింద తల దూర్చాడు. మీట వెనకాల, తీగల మధ్య — నిమ్మకాయ. దానికి గుచ్చిన ఇనుప మేకు రెండు తీగల కొసల్నీ కలిపేసి కూర్చుంది.

మధ్యాహ్నం పెళ్లాం తవిటమ్మ కేరేజీ తెచ్చింది. ఇతను చేతులు కడుక్కొచ్చేలోపు, దెయ్యం అంటకుండా ఉండాలని ఈ నిమ్మకాయని ఏ మూలో దాచిపెట్టి ఉంటుంది. మలుపులో కారు ఒరగ్గానే దొర్లుకుంటూ వచ్చి తీగల మీద పడింది. లాగేశాడు. టిక్కుటిక్కు ఆగింది. ఎనిమిదికి ఇంకా పావుగంట ఉంది.

అప్పుడే ఫోను మోగింది.

"మావా," తవిటమ్మ గుసగుస. "ఆ మలుపు దాటీసినావేటి?"

"దాటతన్నాను."

"నీ సెయ్యి ఎవులూ పట్టుకోనేదు కదా?"

గవరయ్య పళ్లు కొరికాడు. "పట్టుకున్నాడే. మల్ల వొదిలీసినాడు."

అవతలినించి పెద్ద నిట్టూర్పు.

"సూసినావా మరి. నాను మేకెట్టబట్టే వొదిలినాడు."