పీర్ల చావిట్లో పదకొండుమంది ఆసిఫాలు

కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మంది ఆ అమ్మాయి. కడుక్కున్నాను. గడప దాటబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"మరి దాని కాళ్ళో?"

నా భుజం మీదున్న ట్రైపాడ్ వైపు చూపిస్తోంది. అది స్టాండు అని చెప్పాను. స్కానర్ నిలబడటానికి అని కూడా చెప్పాను. ఏం లాభం లేకపోయింది.

"కడక్కుండా ఏ కాలూ లోపలికి రాదండి. రెండైనా మూడైనా."

పది లక్షల పైచిలుకు ఖరీదున్న మిషను స్టాండుకి కుళాయి దగ్గర కూర్చుని కాళ్ళు కడిగినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆమె పక్కనే నిలబడి మూడో కాలు సరిగా కడగలేదని చెప్పి మళ్ళీ కడిగించింది.

నా పేరు ముదస్సిర్. మాది నందిగామ. పాత కట్టడాలని లేజర్ స్కానర్‌తో కొలిచి, కంప్యూటర్లో అచ్చం అలాగే నిలబెట్టడం నా పని. చిల్లకల్లు పీర్ల చావిడి కప్పు ఇంకో వానాకాలం ఆగేలా లేదు. మొహర్రం లోపు దాన్ని విప్పి మళ్ళీ కట్టుకోవాలని ఊరివాళ్ళు అనుకున్నారు. విప్పేలోగా ప్రతి దూలాన్నీ, ప్రతి చెక్కడాన్నీ స్కాన్ చేసి ఉంచితే వడ్రంగి మళ్ళీ అలాగే చెయ్యగలడు. విజయవాడలో ఒక కాలేజీవాళ్ళు అందుకే నన్ను పంపారు. చావిడి చూసుకునే ముజావర్ రసూల్ చాచా ఫోన్లో సరేనన్నాడు. కానీ ఆయన లారీ మీద వైజాగ్ వెళ్ళాడు. తాళంచెవి కూతురు ఆసిఫా చేతిలో ఉంది. సరేనన్నది ఆయన. ఆమె కాదు.

స్కాన్ చేసేముందు గోడల మీద నలుపూ తెలుపూ గళ్ళ కాగితాలు నంబర్లేసి అంటిస్తాం. అవి గుర్తులు, అంతే. మూడో కాగితం అంటించానో లేదో వెనక నుంచి వచ్చి పీకేసింది.

మూడేళ్ళ క్రితం కూడా ఇలాగే ఎవరో వచ్చారట. కొలతలకే అన్నారట. హైవే పక్కనున్న తమ టైర్ల షాపు గోడ మీద ఎర్రరంగుతో నలభయ్యేడు అని రాసిపోయారట. రెండు నెలల్లో సర్వీసు రోడ్డు కోసమని షాపు ముందు సగం పడగొట్టారు. మిగిలిన సగంలో టైరు నిలబెట్టడానికి కూడా చోటు లేదు. అందుకే వాళ్ళ నాన్న లారీ ఎక్కాడు. నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఇక వాళ్ళకి మిగిలింది ఈ చావిడి. దీనిమీద కూడా నంబర్లు పడితే చూస్తూ ఊరుకోనని చెప్పింది.

ఇదంతా చెప్పి నా ముఖంలోకి చూసింది.

"మీరెప్పుడైనా మా ఊరొచ్చారా?"

"లేదండి. ఇదే ఫస్ట్ టైమ్," అన్నాను.

అది అబద్ధం. అప్పట్లో నేనొక సర్వే కాంట్రాక్టర్ దగ్గర పనిచేసేవాణ్ణి. పెయింటు డబ్బా మోసింది నేనే. ఆ నలభయ్యేడు రాసింది కూడా నేనే. అది ఎవరి షాపో అప్పుడు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఇప్పుడు తెలిసి నాకే సిగ్గేసింది.

అంటించిన కాగితాలు కూడా తీసేసి, అవి లేకుండానే స్కాన్ చేస్తానన్నాను. ఇంకో చిక్కు వచ్చిపడింది. స్కానర్ తిరిగే మూడు నిమిషాలూ లోపల ఎవరూ ఉండకూడదు. ఉంటే వాళ్ళు కూడా స్కాన్‌లో పడతారు. ఆ మాట చెప్తే కళ్ళు చిన్నవి చేసుకుంది. మీరు లోపల ఏం చేస్తారో నేను చూడకూడదా అంది. నేను కూడా బయటే ఉంటానన్నాను.

"అయితే మిషను ఒక్కటే ఏం చేస్తదో చూస్తా."

అలాగే చూసింది. పీర్ల పెట్టె ఉన్న గది ద్వారబంధానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, కదలకుండా. నేను పదకొండు చోట్ల స్కానర్ పెట్టాను. పదకొండుసార్లూ అక్కడే నిలబడింది. వాళ్ళ దాదీ, అదే నాన్నమ్మ, మీరాబీ టీ తెచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, గ్లాసు చేతికిచ్చి వెళ్ళిపోయింది.

మర్నాడు నందిగామలో మా మేడ మీద కూర్చుని స్కాన్ తెరిస్తే లోపల పదకొండుమంది ఆసిఫాలు ఉన్నారు. ఒకామె ఆవలిస్తోంది. ఒకామె చున్నీ సర్దుకుంటోంది. తక్కినవాళ్ళంతా నన్నే అనుమానంగా చూస్తున్నారు. మనుషుల్ని చెరిపేసి కట్టడాన్ని మాత్రం ఉంచడం నా పని. ఒక్కొక్కర్నీ చెరపడానికి నా ప్రాణం ఎందుకు ఉసూరుమంటోందో రెండోరోజుకి గానీ అర్థం కాలేదు. ఆ పిల్ల నాకు నచ్చింది. ముక్కు మీది కోపంతో సహా నచ్చింది.

అందర్నీ చెరిపేశాక ద్వారబంధం ఎడమపక్క మనిషంత ఖాళీ మిగిలింది. దానిమ్మ తీగెల చెక్కడం ఉండేది సరిగ్గా అక్కడే. ఆ సంగతి ఫోన్లో చెప్తే, అది లేకపోతే కుదరదు, మళ్ళీ వెళ్ళి తియ్యమన్నారు కాలేజీవాళ్ళు. ఆ ఏడాది నాకెవరూ అంత మంచి మాట చెప్పలేదు.

ఒక్క తలుపు మిగిలిందని చాచాకి ఫోన్లో చెప్పి, సన్నగా జల్లు పడుతుంటే చిల్లకల్లు వెళ్ళాను. మళ్ళీ ఏం మర్చిపోయారని అడిగింది. సంగతి చెప్తే నమ్మలేదు. ఇలాంటి సాకులు తన దగ్గర చెల్లవంది. ఇక లాభం లేదని హార్డ్ డిస్క్ లాప్‌టాప్‌కి పెట్టి చెరపకముందున్న స్కాన్ చూపించాను. తనని తాను పదకొండుసార్లు చూసుకుంది.

"నేనింత కోపంగా ఉంటానా?"

ఉంటారన్నాను. నవ్వొచ్చిందేమో, పెదవి కొరుక్కుని అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి నవ్వు లేదు.

"ఇంకోసారి అడుగుతున్నా. మీరు మా ఊరు రావటం ఎన్నోసారి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. ఇంకో అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆ ముఖం చూస్తూ నోరు రాలేదు.

"నలభయ్యేడు నేనే రాశానండి."

"తెలుసు," అంది ఆసిఫా.

చావిడి చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"దాదీ నిన్ను మొదటిరోజే పట్టేసింది. ఆరోజు ఎండకి తాళలేక మా షాపులో మంచినీళ్ళడిగావంట. రెండు గ్లాసులు తాగి, గ్లాసు కడిగిచ్చి మరీ, పోయి గోడ మీద నంబరేశావంట. రాసినందుకు కాదు నాకు కోపం. నువ్వు కాకపోతే ఇంకొకడు రాసేవాడు. అడిగితే లేదన్నావు చూడు, అందుకు."

ఆమె మీరు నుంచి నువ్వులోకి దిగిందని నాకు ఇంటికెళ్ళాక గాని తట్టలేదు. అప్పుడు మాత్రం హార్డ్ డిస్క్ పీకి ఆమె చేతిలో పెట్టాను. ఉన్న కాపీ అదొక్కటే. కొలతలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు కట్టనూ కట్టొచ్చు, కూల్చనూ కూల్చొచ్చు. కాబట్టి వాళ్ళ దగ్గరే ఉండాలని చెప్పాను. ఇవ్వబుద్ధయితే వాళ్ళే కాలేజీకి ఇవ్వచ్చు. నన్ను నమ్మకపోతే మున్నేట్లో పారెయ్యొచ్చు.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"సగం తలుపుంటే ఎవరికిస్తాం? ఆ మిగిలింది కూడా తియ్యి."

అనేసి, చావిడి బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. నేను ట్రైపాడ్ కాళ్ళు ఎవరూ చెప్పకుండానే కడిగి, స్కానర్ పెట్టి, బటన్ నొక్కి, బయటికి వచ్చాను. ఇద్దరం అరుగు మీద చెరో చివరా కూర్చున్నాం. ఉన్నవి మూడు నిమిషాలు.

మా అమ్మని ఒకసారి తీసుకొస్తానన్నాను. ఎందుకంది. చావిడి చూపిద్దామని అన్నాను.

"చావిడికేనా?"

"కాదు. మీరు నాకు నచ్చారు. మా అమ్మకి చూపించాలి," అన్నాను. నిజం చెప్పడం అలవాటు చేసుకుందామనుకున్నాను మరి.

ఆసిఫా వాన వైపు చూస్తూ కూర్చుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అబ్బా కీసర టోల్‌గేట్ దాటాడంట. గంటలో వస్తాడు. ఆయన్నడుగు."

కాదనలేదు. అది చాలు నాకు. స్కానర్ టింగుమంది. నిజానికి ఆ ద్వారబంధానికి ఒక్క స్కాన్ చాలు. నేను లోపలికి వెళ్ళి జానెడు పక్కకి జరిపి మళ్ళీ నొక్కి వచ్చాను. ఆ తర్వాత ఇంకో జానెడు జరిపాను. అలా ఎన్నిసార్లు తిప్పానో లెక్క పెట్టలేదు. మా మధ్య అరుగు మాత్రం తగ్గుతూ వచ్చింది.

లారీ వచ్చి ఆగింది. రసూల్ చాచా దిగి, తలకి తువ్వాలు చుట్టుకుంటూ వచ్చి, లోపల మిషన్ని చూశాడు. నన్ను చూశాడు. కూతుర్ని చూశాడు. మా ఇద్దరి మధ్య మిగిలిన అరుగుని కూడా చూశాడు.

"ఏం బాబూ, ఇంకా కాలేదా? ఒక్క తలుపే కదా మిగిలిందన్నావు ఫోన్లో?"

ఇక అబద్ధం ఆడేది లేదని ఒట్టుపెట్టుకున్నవాణ్ణి. అయిపోయింది చాచా అని చెప్పడానికి నోరు తెరిచాను. నాకంటే ముందే, రెప్పయినా వెయ్యకుండా, ఆసిఫా అందుకుంది.

"ఎక్కడయింది అబ్బా? ఇంకో రెండ్రోజులు పట్టుద్దంట."