కుర్చీలు మార్చి పెట్టిన పందెం

కొత్తది ఏదైనా సరే, పాతదానికంటే వేగంగా పనిచేస్తుందని చాలామంది నమ్ముతారు. ఊరికే పేలుతుందని ఇంట్లో అందరూ టపాకాయ అని పిలిచే అమ్మాయి వాళ్ల అన్నయ్య అలా నమ్మేవారిలో ఒకడు. పరీక్షించి చూశావా అని అడిగితే, "చూడాలా ఏంటి? కొత్తది కదా!" అంటాడు.

ఆ మధ్యాహ్నం నాన్న ఫొటో స్టూడియోలో గొడవ ఆ మాట దగ్గరే మొదలైంది.

స్టూడియోలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి. సెలవుల్లో అన్నయ్య వాటిలో ఒకదానికి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడు. కంప్యూటర్‌లోని మిగతా ప్రోగ్రాములన్నింటినీ నడిపించే అసలు ప్రోగ్రామ్ అది. రెండోదానిలో ఇంకా పాతదే ఉంది. టపాకాయ బొమ్మలు గీసుకునే ప్రోగ్రామ్ ఆ పాతదానిలో మాత్రమే పనిచేస్తుంది.

"ఇవాళ దీన్ని కూడా మార్చేస్తాను నాన్నా," అన్నాడు అన్నయ్య.

"మార్చావంటే చూడు!" టపాకాయ కుర్చీలోంచి లేచింది. "నా బొమ్మలు ఎక్కడ గీసుకోవాలి? నీ వీపు మీదా?"

"నీ పిచ్చిగీతల కోసం స్టూడియో పని ఆపుకోవాలా? ఇది నడుము పట్టేసిన నత్తలా నడుస్తోందే!"

"నువ్వే నత్త! నీ కొత్తది ఇంకా పెద్ద నత్త! దమ్ముంటే పందెం పెట్టు!"

నాన్న చేతిలోని ఫ్రేము పక్కన పెట్టాడు. "అరుపులతో తేలే విషయం కాదిది. రేపు ఇవ్వాల్సిన పెళ్లి ఆల్బమ్ రెండింట్లోనూ ఉంది. ఇద్దరూ ఒకేసారి తెరవండి. ఏది గెలిస్తే రెండింట్లోనూ అదే ఉంటుంది. పదండి, ముందు భోంచేద్దాం."

టపాకాయ అందరికంటే ముందు తినేసి వచ్చింది. పందెంలో చెయ్యి తడబడకూడదని పాతది ఉన్న కంప్యూటర్‌లో ఆల్బమ్‌ను ఒకసారి తెరిచి చూసుకుంది. మళ్లీ మూసేసింది.

నాన్న "ఊఁ" అనగానే ఇద్దరూ మౌస్ నొక్కారు. పాతదానిలో పెళ్లికూతురు చటుక్కున ప్రత్యక్షమైంది. కొత్తదానిలో తెర ఇంకా తెల్లగానే ఉంది.

"ఏదీ నీ కొత్తది? నిద్ర లేవలేదా? కాఫీ ఏమైనా ఇవ్వమంటావా?"

అన్నయ్య ముఖం కందగడ్డలా అయింది. "ఇంకోసారి పెడదాం!"

"ఓడిపోతే ఏడుపొకటి!"

"చాల్లే!" నాన్న గొంతు పెంచాడు. "రెండు రోజులు దాని ముందు కూర్చుని నువ్వు చేసిన నిర్వాకం ఇదా? తీసెయ్. పాతదే మళ్లీ వెయ్యి."

అన్నయ్య కుర్చీని కాలితో ఒక్క తన్ను తన్నాడు. కొత్తదాన్ని తీసేసే పనిలో పడ్డాడు.

టపాకాయ గర్వంగా తన రంగుల ఏనుగు బొమ్మను తెరిచింది. అది మెల్లగా వచ్చింది. పొరపాటున మూసేసి మళ్లీ తెరిస్తే వెంటనే వచ్చింది. ఆమె చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఇంకో బొమ్మను తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. అప్పుడూ అంతే. ఒకసారి తెరిచినదాన్ని కంప్యూటర్ కాసేపు దగ్గరే ఉంచుకుంటోంది. రెండోసారి దానికి వెతుక్కునే పని లేదు.

పెళ్లి ఆల్బమ్‌ను పాతది అప్పటికే ఒకసారి తెరిచింది. కొత్తది తెరవలేదు.

టపాకాయకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపాన్ని అన్నయ్య మీద పెడదామని చూసింది. కుదరలేదు. కంప్యూటర్ మీద పెడదామని చూసింది. అదీ కుదరలేదు.

'తీసేయమంటారా?' అని అన్నయ్య ముందున్న తెర అడుగుతోంది.

"ఆపు!" అని అరిచింది టపాకాయ.

"ఇంకేంటే? గెలిచావుగా!"

"గెలవలేదు! నేను ముందే ఆల్బమ్ ఒకసారి తెరిచి మూశాను. అందుకే నాది గబుక్కున వచ్చింది."

"దొంగపిల్లా!"

"దొంగని కాదు! అలా అవుతుందని అప్పుడు నాకు తెలీదు. తెలిశాక కూడా నోరు మూసుకుంటే, అప్పుడను దొంగని!"

నాన్న ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. "అయితే ఇప్పుడేం చేద్దామంటావ్?"

"రెండూ ఆపేస్తే దగ్గర ఉంచుకున్నదంతా పోతుంది. కంప్యూటర్ మొదలవడం, ఆల్బమ్ తెరవడం, ప్రింటర్‌కు పంపడం, అన్నీ మొదటినుంచి పెడదాం. ఈసారి నేను కొత్తదాని దగ్గర కూర్చుంటా."

"కూర్చుని కావాలనే ఆలస్యం చేస్తావు!" అన్నాడు అన్నయ్య.

"నువ్వు చెయ్యవా? అందుకే ఒకసారి కుర్చీలు మారి, ఒకసారి మారకుండా పెడదాం. రెండుసార్లూ ఒకేలా వస్తేనే లెక్క. సరేనా?"

అన్నయ్య విసురుగా లేచి పాతదాని ముందు కూర్చున్నాడు.

టపాకాయ పళ్లు బిగబట్టింది. తన బొమ్మలున్న కంప్యూటర్ వైపు చూడలేదు. నాన్న "ఊఁ" అన్న క్షణమే, ఎంత వేగంగా నొక్కగలదో అంత వేగంగా కొత్తదాని మౌస్ నొక్కింది.

తర్వాత కంప్యూటర్లను మళ్లీ ఆపి, ఎవరి కుర్చీల్లో వాళ్లు కూర్చుని రెండో విడత పెట్టారు.

కంప్యూటర్ మొదలవడంలో రెండు విడతల్లోనూ కొత్తది ముందుంది. ఆల్బమ్ తెరవడంలోనూ కొత్తదే ముందుంది. ప్రింటర్‌కు ఫొటో పంపడంలో రెండుసార్లూ పాతది ముందుంది.

స్టూడియోలో రోజంతా ఉండే పని ఆల్బమ్‌లదే కాబట్టి, నాన్న కొత్తదాన్నే ఉంచమన్నాడు. టపాకాయ బొమ్మలన్నింటినీ అన్నయ్య పాతదాని నుంచి ప్రింట్ తీసి ఇచ్చాడు. సాయంత్రానికి రెండో కంప్యూటర్‌లోనూ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ పడింది. బొమ్మల ప్రోగ్రామ్ అందులో తెరుచుకోలేదు.