బూడిద రంగు ఎవరి కోసం

లిఫ్ట్ మూడో అంతస్తులో ఆగిపోయిందని ఫోన్ వస్తే మెకానిక్ టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్లాడు. తీరా చూస్తే లిఫ్ట్ పాడవలేదు. తలుపు సందులో ఒక పెయింట్ డబ్బా ఉంది. తలుపు మూసుకోబోతుంది, డబ్బాకి తగిలి తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకోబోతుంది. అలా పదిసార్లు చేసి అది కూడా విసిగిపోయి నిలబడింది.

"ఈ డబ్బా ఇక్కడ పెట్టిందెవరు?" అన్నాడు.

"నేనే" అంది ఒక గొంతు. లిఫ్టులో రెండు కుర్చీలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. వాటి కాళ్ల మధ్య నుంచి ఒక అమ్మాయి తొంగి చూసింది.

"తలుపుకి ఏదీ అడ్డం పెట్టకూడదని బోర్డు ఉందండీ."

"ఎర్ర బోర్డు మీద నల్ల అక్షరాలు. ఎరుపు మీద నలుపు కనబడదు. పసుపు మీద రాయించాల్సింది."

"కనబడకుండానే రంగులు చెప్తున్నారా?"

"నాకు కనబడుతుంది. అది నా ఉద్యోగం. మామూలు మనుషుల సంగతి చెప్తున్నా."

అతను డబ్బా లాగి పక్కన పెట్టాడు. తలుపు పట్టాలు తుడిచాడు. పై నుంచి కింది దాకా లిఫ్టును ఒకసారి తిప్పి తెచ్చాడు. ఇంకో రెండు మాటలు అందామని నోరు తెరిచేలోపే ఆమె అంది: "తిట్టడం అయిపోతే ఆ కుర్చీ రెండో చివర పట్టుకోండి."

పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికి తర్వాత కూడా తెలియలేదు.

కుర్చీలు దించిన ఫ్లాట్ ఇంకా ఎవరూ దిగనిది. ఆమె ఇళ్లకి రంగులూ సామానూ కుదిర్చే డిజైనర్. చెయ్యెడు అట్టముక్క మీద రంగు పూసి, దాన్ని కిటికీ దగ్గర ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి గోడకి ఆనించి చూస్తోంది. ఒకే అట్ట రెండు చోట్లా రెండు రంగుల్లో కనబడింది. పదకొండేళ్లుగా జనం ఇళ్లకి వెళ్లి వస్తున్నా అతను ఎప్పుడూ గోడ వైపు చూసినవాడు కాదు.

"మీ ఇంటికి ఏం రంగు?" అంది.

"ఇల్లు ఇంకా లేదు. ఫ్లాట్ ఉంది. తాళాలు వచ్చి నెలయింది. తెల్ల సున్నం కొట్టించి దిగిపోదామంటోంది మా అమ్మ."

"ఆ పని మాత్రం చేయకండి" అని ఆమె కార్డు ఇచ్చింది.

*

"డిజైనరా? మనకేం కళ్లు లేవట్రా?" అంది అమ్మ.

"ఉన్నాయమ్మా. కానీ ఆవిడ కళ్లు వేరు."

అమ్మ కొడుకు ముఖంలోకి చూసింది.

డిజైనర్ మొదటిసారి ఫ్లాటుకి వచ్చినప్పుడు రంగుల మాట ఎత్తలేదు. ఇంటికి ఎన్నింటికి వస్తారు, చెప్పులు ఎక్కడ విప్పుతారు, అమ్మగారు పేపరు ఎక్కడ కూర్చుని చదువుతారు అని అడిగి రాసుకుంది. రెండోసారి వచ్చినప్పుడు పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు తెచ్చి నేల మీద పరిచింది. సోఫాలు, దీపాలు, పరదాలు, పుస్తకాల అరలు.

"వీటిలో మీకేది నచ్చుతుందండీ?" అన్నాడు అతను.

"నాకు నచ్చడంతో పనేముంది? ఉండేది మీరు."

"ఊరికే అడుగుతున్నా."

"ఊరికే కూడా చెప్పను. మా మేడమ్ నేర్పిన మొదటి పాఠం అది. మన ఇష్టం కస్టమర్ గోడకి పూస్తే, మనం వెళ్లిపోతాం, వాళ్లు దాంతో కాపరం చేయాలి."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. అతనికి మాత్రం రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా వినబడింది. ఆమె వెళ్లిపోతుంది. పని అయ్యేదాకే వస్తుంది. చివరి రోజు తాళాల గుత్తి చేతిలో పెట్టి, సంతకం పెట్టించుకుని వెళ్తే, మళ్లీ ఈ గడప తొక్కడానికి కారణం ఉండదు. ఉండిపొమ్మని అడగడానికి అతనికి నోరు రాదు. కాబట్టి ఆమెకి ఉండాలనిపించే ఇల్లు తయారు కావాలి. దానికి ఆమె ఇష్టం తెలియాలి. అది ఆమె చెప్పదు.

లిఫ్ట్ కూడా తన రోగమేమిటో చెప్పదు. చూసి పట్టుకోవాలి. అతను చూడటం మొదలుపెట్టాడు. ఆమె కుర్తా బూడిద రంగు. తర్వాతిసారి కూడా బూడిదే. బ్యాగు బూడిద, చెప్పులు బూడిద, జుట్టుకి పెట్టుకున్న క్లిప్పు బూడిద. మూడోసారికి అతనికి అనుమానం తీరిపోయింది.

ఆ రోజే ఆమె మూడు అట్టలు తెచ్చి గోడకి ఆనించింది. ఒక్కో అట్ట మీద గది మొత్తం ఉంది, గోడ రంగు దగ్గర నుంచి టేబుల్ కాళ్ల దాకా. మొదటిది ఇటుక ఎరుపు, పేము అల్లిన కుర్చీలు. రెండోది ఆకుపచ్చ, చెక్క బల్లలు. మూడోది బూడిద, తెలుపు, నేలకి అంటుకున్నట్టుండే సోఫా, గాజు టేబుల్.

అతని చూపు ఇటుక ఎరుపు మీదికి వెళ్లింది. రోజుకి ఎనిమిది గంటలు లిఫ్ట్ గోతిలో నాలుగు సిమెంటు గోడల మధ్య గడిపే మనిషి అతను. సాయంత్రం బయటికొస్తే కూరగాయల బండి చూసినా కళ్లకి ప్రాణం లేచొస్తుంది. వేలు మొదటి అట్ట దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ఆమె కుర్తా వైపు చూశాడు. వేలు మూడో అట్ట మీద పెట్టాడు.

ఆమె పెన్ను ఒక క్షణం ఆగింది.

"ఖాయమా?"

"ఖాయం."

"నేనూ అదే అనుకున్నాను" అంది ఆమె రాసుకుంటూ.

ఆ మూడు మాటలూ అతను వారం రోజులు వెంట తిప్పుకున్నాడు. గ్రీజు పూస్తూ ఒకసారి, బోల్టు బిగిస్తూ ఒకసారి పైకే అనుకున్నాడు. ఎవరో పెద్దాయన లిఫ్టులోంచి "ఏమనుకున్నావు బాబూ?" అని అడిగాడు కూడా.

ఇంట్లో అమ్మ వేరే మాట అంది. "మూడు అట్టలు పెడితే బతికున్న రెండూ వదిలేసి బూడిదని పట్టుకున్నావేంట్రా?"

"స్టైలమ్మా."

"స్టైలూ లేదు, పాడూ లేదు. నువ్వు అట్ట చూళ్లేదు. ఆ పిల్లని చూసి వేలు పెట్టావ్."

"మెల్లగా అమ్మా. కిటికీ తెరిచుంది."

"నాకు కోడలంటే అభ్యంతరం లేదురా. బూడిదంటేనే."

ఇక మిగిలింది కుర్చీ. అది నాన్నది. ఆయన పోయి ఆరేళ్లయింది. చేతులున్న చెక్క కుర్చీ, ఎర్ర రంగు. రెండు మూడేళ్లకోసారి ఆయనే బ్రష్ పట్టుకుని దానికి రంగు వేసేవాడు. అమ్మకి కొత్తింట్లోకి తేవాల్సిన మొదటి సామాను అదే.

డిజైనర్ కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది. చెయ్యి ఆనే చోట రంగు పెచ్చు లేచి ఉంది. అక్కడ బొటనవేలితో నిమిరింది. ఎరుపు కింద నీలం, నీలం కింద పసుపు, దాని కింద చెక్క.

"ఇది..." అంది.

"తీసేద్దాంలెండి. గదికి నప్పదు కదా" అన్నాడు అతను.

ఆమె లేచి నిలబడింది. బొటనవేలు వైపు ఒకసారి చూసుకుంది. "అవును. ఈ గదికి నప్పదు" అంది.

కుర్చీ బాల్కనీలోకి వెళ్లింది. దాని వెనకాలే అమ్మ కూడా వెళ్లి అందులో కూర్చుంది.

*

మూడు వారాలు పని నడిచింది. పెయింటర్ రెండు కోట్లు బూడిద వేశాడు. పరదాలు తెల్లవి వచ్చాయి. గాజు టేబుల్ వచ్చింది, అతని మోకాలికి రెండుసార్లు తగిలింది. సోఫా వచ్చిన రోజు అమ్మ అందులో కూర్చుని లేవలేకపోయింది. అతనూ డిజైనరూ చెరో చెయ్యీ పట్టుకుని లాగారు.

"ఇది సోఫా కాదమ్మా, ఊబి" అంది అమ్మ డిజైనర్‌తో. "ఏమీ అనుకోకు తల్లీ. ఇల్లు చాలా బాగుంది. మావాడి లిఫ్ట్ గొయ్యి గుర్తొస్తోంది."

డిజైనర్ నవ్వాలో వద్దో తెలియక అతని వైపు చూసింది. అతను ఆమెకి బాధ కలిగిందేమోనని "నాకు మాత్రం చాలా నచ్చిందండీ" అన్నాడు. ఆమె తల దించుకుని "సంతోషం" అంది.

తాళాలు అప్పగించే రోజు ఆదివారం పడింది. అతను సాయంత్రం నాలుగింటికే స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకున్నాడు. చిలకాకుపచ్చది. అమ్మతో కొత్త ఫ్లాటుకి వచ్చి, అక్కడి అద్దంలో చూసుకుని, ఈ ఇంట్లో ఇలా ఉంటే గోడకి తప్పు చేసినట్టుందే అనుకుంటుండగా బెల్ మోగింది.

తలుపు తీశాడు. గుమ్మంలో పసుపు డ్రస్సు, నీలం బ్యాగు, ఎర్ర చెప్పులు ఉన్నాయి. వాటి మధ్యలో ఆమె ఉంది.

ఆమె కూడా అతని చొక్కా వైపు చూస్తోంది.

"మీరేనా?" అన్నాడు.

"అదే నేనూ అడగబోతున్నా."

"మీరెప్పుడూ బూడిదే కదా వేసుకుంటారు?"

"అవి పనికెళ్లే బట్టలండీ. ఈ పసుపు వేసుకుని గోడ పక్కన నిలబడ్డాననుకోండి, దీని ఛాయ గోడ మీద పడుతుంది. రంగు తప్పుగా కనబడుతుంది. అందుకని రంగులు చూసేటప్పుడు బూడిద వేసుకుంటాం. ఇంటికెళ్లగానే విప్పి మూల పడేస్తా."

అతను వెనక్కి నడిచి సోఫాలో కూర్చున్నాడు. ఊబి అతన్ని మోకాళ్ల దాకా మింగింది.

"అయితే మీకు బూడిద..."

"చచ్చినా పడదు" అని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మేడమ్ నేర్పిన పాఠం ఇన్నేళ్లలో ఆమె తప్పడం అదే మొదలు. "అంటే, మీ ఇల్లు బాగా వచ్చింది. మీకు ఇష్టం కదా అని దగ్గరుండి..."

"నాకా?"

"మరి? మీ చొక్కా, ప్యాంటు, టూల్ బ్యాగు, టోపీ. ఎప్పుడు చూసినా బూడిదే. మొదటి రోజే అనుకున్నా, ఈయనకి ఈ రంగంటే ప్రాణమని."

"యూనిఫారమండీ. గ్రీజు మరకలు కనబడకూడదని కంపెనీ ఇచ్చింది."

గదిలో ఇద్దరూ గోడల వైపు చూశారు. నాలుగు వైపులా రెండేసి కోట్లు.

బాల్కనీలోంచి, ఎర్ర కుర్చీలోంచి అమ్మ గొంతు వచ్చింది. "ఈ బూడిద మీ ఇద్దర్లో ఎవరికి నచ్చిందో చెప్పండి. వాళ్ల పేరున ఇల్లు రాసిచ్చేస్తా."

డిజైనర్ అతని వైపు తిరిగింది.

"మొదటి అట్ట దాకా వెళ్లింది మీ వేలు" అంది డిజైనర్. "నేను చూశాను. ఎందుకు జరిపారు?"

"మీకు నచ్చుతుందని."

"నాకు నచ్చి ఏం లాభం? ఇక్కడ ఉండేది నేను కాదు కదా."

అతను సోఫాలోంచి లేవబోయాడు. సోఫా లేవనివ్వలేదు. ఆ మాట కూర్చునే చెప్పాల్సి వచ్చింది.

"ఉంటారేమోనని" అన్నాడు.

ఆమె బ్యాగు కింద పెట్టింది. అతని ముందు నుంచి నడిచి గోడ దగ్గరికి వెళ్లింది. వీపు అతని వైపు ఉంది. అరచెయ్యి గోడకి ఆనించింది. తీగ తెగిన లిఫ్టులో నిలబడ్డట్టు ఉంది అతనికి.

"రెండో కోటు వేసి ఎన్నాళ్లయింది?" అంది.

"నాలుగు రోజులు."

"ఆరిపోయింది. దీని మీద ఎరుపు వేయొచ్చు." ఇటు తిరిగింది. "అసలు ముదురు ఎరుపు వేయాలంటే అడుగు కోటు బూడిదే వేస్తామండీ. అప్పుడే నిండుగా వస్తుంది. ఏదీ వృథా కాలేదు."

అతనికి ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఎరుపేనా? మీకు ఏది ఇష్టమైతే అది" అన్నాడు.

"కాదు, ముందు మీరు చెప్పండి."

"మీరే చెప్పండి."

అమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. "ఇలా ఒకళ్లకొకళ్లు మర్యాదలు చేసుకునే కదా ఇల్లంతా బూడిద పూసుకున్నారు. ఇక నోళ్లు తెరవకండి. చెరో కాయితం తీసుకుని రాసి నా చేతిలో పెట్టండి."

నీలం బ్యాగులోంచి రెండు కాయితాలు వచ్చాయి. ఇద్దరూ చెరో మూలకి తిరిగి పరీక్ష రాసినట్టు రాశారు. అమ్మ కళ్లజోడు సవరించుకుని కొడుకుది ముందు చదివింది.

"ఇటుక ఎరుపు, మొదటి అట్ట."

రెండోది విప్పింది. చదివి, మళ్లీ చదివింది.

"ఏం రాసిందమ్మా?"

"ఆ కుర్చీ, అని రాసింది."

"మొదటి రోజే అడుగుదామనుకున్నానండీ" అంది డిజైనర్ అమ్మతో. "గదంతా ఆ కుర్చీ లోంచి తీయొచ్చు. ఎరుపు గోడకి, నీలం పరదాలకి, పసుపు దీపానికి. కానీ ఈయన నప్పదన్నారు."

అమ్మ కాయితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "ఆ కుర్చీ విడిగా ఇవ్వను తల్లీ. దాంతో పాటు నేనూ వస్తాను, వీడూ వస్తాడు. ముగ్గుర్నీ తీసుకునేట్టయితే చూడు."

"మా నాన్నని అడగాలండీ."

"అడుగు. ఆయనకి ఏ రంగు ఇష్టం?"

"తెల్ల సున్నం."

"మంచి మనిషి" అంది అమ్మ.

*

రెండు వారాల తర్వాత ఆదివారం మెకానిక్ ఫ్లాటున్న బిల్డింగులో లిఫ్ట్ నాలుగో అంతస్తులో నిలిచిపోయింది. కింద నలుగురు కూరగాయల సంచులతో నిలబడి పైకి కేకలు వేస్తున్నారు. సోఫా కిందికి దిగాలి. తెల్ల సున్నం ఇష్టపడే పెద్దాయన ఒక చివర పట్టుకుని, ఎలా తిప్పితే పడుతుందో అందరికీ చెప్తున్నాడు. అమ్మ హాలు మధ్యలో ఎర్ర కుర్చీలో కూర్చుని ఉంది.

డిజైనర్ పసుపు డ్రస్సులో బయటికొచ్చింది. లిఫ్ట్ తలుపు సందులో ఇటుక ఎరుపు పెయింట్ డబ్బా ఉంది. తలుపు దానికి తగిలి తెరుచుకుంటోంది, మళ్లీ తగులుతోంది.

"ఈ డబ్బా ఇక్కడ పెట్టిందెవరు?" అంది.

"నేనే" అన్నాడు మెకానిక్, సోఫా రెండో చివర నుంచి.

"బోర్డు ఉంది కదండీ."

"ఎరుపు మీద నలుపు" అన్నాడు. "కనబడలేదు."